రికార్డింగ్ ఎంత బాగున్నా హాల్లో చూడాల్సిందే

రికార్డింగులు ఇంత బాగా వస్తున్నప్పుడు మ్యూజికల్‌కి (పాటలతో నడిచే రంగస్థల నాటకానికి) టికెట్ కొని వెళ్లాలా అని ఒక వ్యాసంలో అడిగారు. వెళ్లాలండీ. ‘ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా’ అనే మ్యూజికల్ పాటలు నాకు ఎప్పటి నుంచో కంఠతా వచ్చు. లండన్‌లో అది 1986లో మొదలైన హిజ్ మెజెస్టీస్ థియేటర్‌లోనే (అప్పట్లో హర్ మెజెస్టీస్) ఇన్నాళ్లకు చూశాను.

మొదట్లో వచ్చే వేలంపాట సీను అవగానే ఆర్గాన్ ఒక్కసారిగా మోగింది. షాండ్లియర్ (పెద్ద వేలాడే దీపాల గుత్తి) వెలుగుతూ స్టేజీ మీద నుంచి లేచి మా తలల మీదుగా పైకి వెళ్లింది. ఒళ్లు గగుర్పొడిచింది, కన్నీళ్లు ఆగలేదు. ఆ మోత కుర్చీ చేతుల్లో కూడా తెలుస్తోంది.

అంతకంటే పెద్ద సంగతి చివర్లో ఉంది. గాయని క్రిస్టీన్ ముద్దు పెట్టుకున్నప్పుడు, ఆమెను ప్రేమించే ముసుగు మనిషి ఫాంటమ్ చేతులు ఆమెను దగ్గరకు తీసుకోవడం చేతకాక గాల్లోనే వణుకుతూ ఉండిపోయాయి. ఆల్బమ్ ఎన్నిసార్లు విన్నా ఆ చేతులు కనిపించవు కదా! అతని ఒంటరితనం నాకు పూర్తిగా అర్థమైంది అప్పుడే.

రికార్డింగులో ఎవరి ముఖం చూడాలో కెమెరా నిర్ణయిస్తుంది. హాల్లో ఆ స్వేచ్ఛ మనది. నేనైతే పాడేవాళ్లను వదిలేసి, పక్కన మౌనంగా నిలబడి వింటున్నవాళ్లనే చాలాసేపు చూశాను.

న్యూయార్క్‌లో 1988లో మొదలైన ఇదే షోని 2023 ఏప్రిల్‌లో ఆపేశారు. ఇష్టమైన షో ఉంటే, వీలున్నప్పుడే వెళ్లి చూసేయండి.