కంట్రోల్ పాయింట్ల సంగతి కూడా రాయండి
రోడ్డు పక్క వాలు ఎంత కోతకు గురవుతోందో ఫోన్ ఫోటోలతోనే కొలవొచ్చని మీ వ్యాసంలో చెప్పింది నిజమే. ఫోటోకీ ఫోటోకీ 70–80 శాతం ఓవర్‌ల్యాప్ (ఒకే భాగం రెండింటిలోనూ పడటం) ఉంటే త్రీడీ మోడల్ బాగానే వస్తుంది. కానీ కంట్రోల్ పాయింట్లకు, అంటే మోడల్ కొలతలను సరిచూసుకోవడానికి పెట్టే స్థిరమైన గుర్తులకు, ఒక్క వాక్యమే కేటాయించారు, అసలు పని అక్కడే ఉంది! ఆ గుర్తులు కదిలే మట్టి మీద పెడితే వేర్వేరు సమయాల్లో చేసిన రెండు సర్వేల తేడాకు అర్థమే ఉండదు. గట్టి రాతి మీదో, కల్వర్టు గోడ మీదో పెట్టాలి. అన్ని ఫోటోలూ ఒకే దిశలో తీస్తే మోడల్ మధ్యలో ఉబ్బొచ్చు, కొన్ని ఏటవాలుగా తీయాలి. గడ్డి కమ్మిన చోట కెమెరాకు నేల కనిపించదు. అక్కడ ఇనుప చువ్వలు దిగ్గొట్టి, వానలకు ముందూ తర్వాతా బయటికి తేలిన పొడవును స్కేలుతో కొలవడమే నయం. కొలతలోనే 3 సెంటీమీటర్ల తేడా వచ్చే అవకాశం ఉంటే, 2 సెంటీమీటర్ల కోతను దయచేసి లెక్కలోకి తీసుకోకండి.