పన్ను వాయిదా వేయు కళ

ఒడిశాలోని పర్లాకిమిడి తెలుగువారమైన మాకు ప్రభుత్వానికి పన్ను కట్టడంలోనూ, నోట్లో పన్ను కట్టించుకోవడంలోనూ ఒకటే నియమం: ఆఖరి తేదీ దాటేవరకు కదలరాదు. ఇంతటి శాస్త్రాన్ని ఎవరూ గ్రంథస్థం చేయకపోవడం అన్యాయమని భావించి, నా దవడనే ప్రయోగశాలగా చేసుకొని ఈ వ్యాసం సమర్పిస్తున్నాను.

చల్లటి నీళ్ళకు పన్ను జివ్వుమని, క్షణంలో సర్దుకుంటే, పుప్పి ఇంకా నరాన్ని పాడుచేయలేదని, సిమెంటుతో పని అయిపోతుందని దంతవైద్యులు అంటారు. అంత చౌకగా ముగిసే జబ్బును ఆత్మగౌరవం గలవాడెవడూ పట్టించుకోడు. వేడి టీ తాగిన చాలాసేపటికి కూడా సలుపు తగ్గక, రాత్రి నడుము వాల్చగానే పోటు హెచ్చి, ఏ పన్నో వేలు పెట్టి చూపలేని దశ వచ్చాకనే మేము రంగంలోకి దిగుతాము. అదీ ఒక్క లవంగంతో. పూర్వం వాకుడు గింజల పొగ పట్టి, రాలిన తెల్లటి పోగులను పురుగులని చూపేవారు. సూక్ష్మదర్శినిలో ఎంత వెదికినా పంటి పురుగు కనబడలేదని పియర్ ఫోషార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1728లోనే రాశాడు గాని, ఆ కబురు ఇంకా మా మహేంద్రతనయ నది దాటినట్టు లేదు.

చిగుళ్ళ చికిత్సలో మాకు గురువు మా పెదనాన్నగారు. పళ్ళు తోముకుంటే రక్తం వస్తున్నదని బ్రష్షును బహిష్కరించి, పొగాకును బెల్లపు మడ్డితో కలిపి చేసే గుడాఖును చూపుడువేలితో రుద్దుకొంటూ, "రకతం పోతే వేడి పోతాదిరా" అని సిద్ధాంతం చెప్పేవారు. ఆ రక్తం పంటి మొదట్లో పేరుకున్న పాచి వల్ల వచ్చేది. పాచి తీయించి, శ్రద్ధగా తోముకుంటే ఆ దశలో తగ్గిపోయేదే. ఆయనకు మధుమేహం కూడా ఉండేది. చిగుళ్ళ జబ్బూ చక్కెరా ఒకదానినొకటి మేపుకుంటాయి. లోపల ఎముక కరిగిపోయాక ఒకనాడు జంతిక కొరికితే ముందుపన్ను చేతిలోకి వచ్చింది. దానిని లుంగీ అంచుతో తుడిచి, వెలుతురుకేసి పట్టి, "ఎక్కడా పుప్పి లేదు, బంగారం లాంటి పన్ను" అని మెచ్చుకున్నారు.

నేను ఆధునికుడను, తువ్వాలు దవడకు బిగించి మందుల దుకాణానికి వెళ్ళి, "దాంత బింధుచి" అని ఒడియాలో విన్నవించి, యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకొని తెలుగులో మింగాను. నరం చచ్చిన పంటిలోకి రక్తమే పోదు కనుక మందూ పోదు. జ్వరం, పాకే వాపు లేని ఆరోగ్యవంతులకు చాలా పంటి నొప్పులలో యాంటీబయాటిక్ వద్దని, పంటికే చికిత్స చేయాలని అమెరికా దంతవైద్యుల సంఘం 2019లో చెప్పింది. అయినా మూడో రాత్రి నొప్పి మాయమైంది! నరం చనిపోయిన నిశ్శబ్దాన్ని ఆరోగ్యమనుకొని ఇంటిల్లిపాదికీ జిలేబీ పంచాను. తరువాత చిగురు మీద చిన్న పొక్కు లేచి, అప్పుడప్పుడు చితికి, నోట్లో ఉప్పగా ఊరేది. దానినీ చెడు తనంతట తానే బయటికి పోతున్నదని స్వాగతించాను.

ఒక్కచోట మాత్రం వ్యంగ్యం కట్టిపెడతాను. దవడ కింద, నాలుక కింద వాపు గట్టిపడి, నోరు తెరుచుకోక, ఉమ్మి మింగలేక, ఊపిరికి ఇబ్బందైతే, పాతపట్నమా బరంపురమా అని ఇంట్లో సభ పెట్టకుండా, అర్ధరాత్రైనా దగ్గరలోని పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. ఒడిశా రాష్ట్రం ఏర్పడడానికి సరిగ్గా నూరేళ్ళ ముందు, 1836లో, లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించిన ఈ వాపు గొంతునే మూసేయగలదు.

నాకు అంతదాకా రాలేదు. చివరికి దంతవైద్యుడు ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర నల్లటి మచ్చను చూపి, "ఎన్నాళ్ళ నుంచి మాస్టారూ?" అని అడిగితే, "మొన్నటి నుంచే బాబూ" అన్నాను. ఆయన పన్ను తెరవగానే గదినిండా లేచిన కంపు నా మాటను ఖండించింది. వేరు కాలువలు శుభ్రం చేసి, తాత్కాలికంగా మూసి, మరో రెండుసార్లు రమ్మని, ఆఖరున తొడుగు వేస్తానని చెప్పారు.

నొప్పి పూర్తిగా తగ్గింది కనుక దసరా తరువాత చూద్దామనుకుంటున్నాను.