ఐదారు కిలోలే కదండీ

మొన్న ఆదివారం ఉదయం, లారీలను తూచే ధర్మకాటా మీద, కారు వెనక కట్టి లాక్కెళ్ళే చక్రాల ఇల్లయిన మా సొంత కారవాన్ లోపల, వెనక గోడకు వీపు ఆనించి, ఒళ్ళో 28 కిలోల బ్యాటరీతో, ఆ బ్యాటరీ మీద మా బావమరిది మోచేతితో నేను పదిహేడు నిమిషాల పాటు కదలకుండా కూర్చున్నాను. తొడ మీద కమిలిన మచ్చ ఇంకా పోలేదు కాబట్టి, అది మానేలోపే రాసిపెడుతున్నాను.

కొన్నప్పుడు ఆ కారవాన్ పలక మీద ఖాళీ బరువు 1180 కిలోలనీ, అన్నీ కలిపి 1500 కిలోలు దాటకూడదనీ ఉంది. అంటే 320 కిలోలు మన ఇష్టం. ఆ ఇష్టంతోనే కప్పు మీద ఏసీ పెట్టించాను, దాని పక్కన రెండు సోలార్ పలకలు బిగించాను, తలుపు వైపు చుట్టుకొనే పందిరి గుడ్డ తగిలించాను, ముందు పెట్టెలో రెండు సీసపు బ్యాటరీలు, లోపల ఒక ఇన్వర్టరు, పనిముట్ల పెట్టె కూడా చేర్చాను. ప్రతి దుకాణంలోనూ దీని బరువెంత అని అడిగాను. ప్రతి దుకాణంలోనూ "ఎంతండీ, ఐదారు కిలోలే కదండీ" అన్నారు. ఏసీ అమ్మినవాడు కూడా ఆ మాటే అన్నాడు. ఐదారు కిలోల వస్తువును కప్పు మీదికి ఎక్కించడానికి ముగ్గురు మనుషులు ఎందుకు వచ్చారన్న ప్రశ్న ఆరోజు నాకు తట్టలేదు. దాని అట్టపెట్టె మీద 32 అని అచ్చు వేసి ఉన్న సంగతి నిన్ననే చూశాను. నీళ్ళ ట్యాంకు విషయంలో మాత్రం ఎవరినీ తప్పుపట్టలేను. లీటరు నీళ్ళు కిలో తూగుతాయని చిన్నప్పుడు బళ్ళోనే చెప్పారు. 80 లీటర్ల ట్యాంకును అంచు దాకా నింపుతూ ఈలపాట పాడినవాణ్ణి నేనే.

ఇక ఆ పలక సంగతి. అందులోని ఖాళీ బరువు ఎంత ఖాళీదంటే గ్యాస్ సిలిండర్లు లేవు, నీళ్ళు లేవు, బ్యాటరీ లేదు, పందిరి లేదు. పుట్టిన రోజున తూచిన బరువునే జీవితాంతం చెప్పుకొని తిరిగే మనిషిలాంటి పలక అది. కారు కొక్కెం మీద ఆ కారవాన్ ముక్కు మోపే భారం కూడా ఆ ఖాళీ స్థితిలో కొలిచి రాసిందే. ఇలా రాయడం తప్పు కాదట, పద్ధతట.

మొదటిసారి సాయంత్రం పూట బండి కట్టుకొని ఊరి బయట రోడ్డు మీదికి వెళ్ళగానే ఎదురొచ్చే ప్రతివాడూ లైట్లు కొట్టడం మొదలుపెట్టాడు. కొత్త బండిని మెచ్చుకొంటున్నారని నేను నాలుగు కిలోమీటర్ల వరకు చెయ్యి ఊపాను. కారు వెనక భాగం కుంగి, ముందు భాగం లేచి, మా హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్లో పిట్టలను వెతుకుతున్నాయని ఇంటికి వచ్చాక తెలిసింది.

మా బావమరిదికి సొంత కారవాన్ లేదు. అందువల్ల కారవాన్ల గురించి అతనికి తెలియనిది లేదు. "వెనక స్ప్రింగుల్లో గాలి సంచులు పెట్టించండి బావగారూ, సమంగా నిలబడుతుంది" అన్నాడు. పెట్టించాను. సమంగానే నిలబడింది, కానీ స్టీరింగు గాలిలో తిప్పుతున్నట్టు తేలిపోయింది. గాలి సంచులు కుంగిన వెనక భాగాన్ని ఎత్తి చూపిస్తాయే తప్ప, ముందు చక్రాల మీది నుంచి పోయిన బరువును తిరిగి తెచ్చి పెట్టవు. మా కారు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ 2.7 మీటర్లు. వెనక చక్రాల నుంచి, కారవాన్ ముక్కు కూర్చునే కొక్కెం గుండుకు 1.2 మీటర్లు. ఆ గుండు మీద 100 కిలోలు పడితే వెనక చక్రాల మీద పడేది 100 కాదు, 144. ఆ పై 44 ముందు చక్రాల మీది నుంచి ఎగిరిపోయినవే. ఈ లెక్కను కూడా బావమరిదే వేసి చూపించాడు, గాలి సంచుల డబ్బు చెల్లించిన మర్నాడు.

అందుకని కాటాకు వెళ్ళాం. బండిని కారు నుంచి విప్పి, ముక్కును మోసే చిన్న జాకీ చక్రం దించి, కాటా పళ్ళెం మీద ఒంటరిగా నిలబెట్టాం. 1580 అని చూపించింది. లారీల కోసం కట్టిన కాటా కాబట్టి అది 20 కిలోల మెట్లలోనే పలుకుతుంది, మధ్య అంకెలు దానికి రావు. ముక్కు భారం కొలవడానికి బావమరిది ఒక స్ప్రింగు గొట్టం తెచ్చాడు. అది 160 చూపించింది. మా కారు కొక్కెం మోయగలిగేది 100. పెద్ద నిమ్మకాయంత ఉండే ఆ 50 మిల్లీమీటర్ల ఇనప గుండు ఇన్నాళ్ళూ నోరెత్తకుండా అంత మోసిందంటే దానికి దణ్ణం పెట్టాలి.

"నీళ్ళు వదిలేస్తే సరి" అన్నాను. వదిలేశాను. సన్నటి కుళాయి గుండా 80 లీటర్లు పోవడానికి ఎంతసేపు పడుతుందో ఆ వెనక నిలబడ్డ మూడు లారీల డ్రైవర్లను అడగాలి. నీళ్ళన్నీ కాటా కింద గుంటలోకి పోతున్నాయని కాటా గుమస్తా మైకులో అరిచాడు. మొత్తం బరువు మాత్రం అచ్చంగా 1500కు దిగింది. ఆ సంతోషంలో ముక్కు మళ్ళీ కొలిస్తే 190. ట్యాంకు ఇరుసుకు వెనక ఉంది. అంతవరకు తోకను కిందికి నొక్కి ముక్కును తేలిక చేస్తున్నవి ఆ నీళ్ళే. వాటిని గుంటలో పోసి మరీ ముక్కు బరువు పెంచుకొన్నాం.

ఇంటికి వెళ్ళి తాపీగా సర్దుకొంటామని గుమస్తాకు చెప్పాను. పళ్ళెం దిగితే మళ్ళీ కొత్త చీటీ, కొత్త రుసుము, వరుసలో చివరి నుంచి రావాలన్నాడు. అతని గదిలో ఫ్యాను ఉంది, మాకు ఎండ ఉంది. అందువల్ల నియమాలు అతనికి చాలా స్పష్టంగా కనిపిస్తున్నాయి. "ఆ బ్యాటరీలూ పనిముట్ల పెట్టే తీసి కారులో పడేయండి, పోతుంది" అని మా ఆవిడ అన్నది. ఇంత చిన్న ఉపాయంతో పని అయిపోతే ఇద్దరు మగవాళ్ళు రావడమెందుకని కాబోలు, ఆ మాటను మేము వినిపించుకోలేదు. ముందు పెట్టెలోని బ్యాటరీలను, పనిముట్ల పెట్టెను లోపల వెనక మంచం పక్కకు చేర్చి, ముక్కు ఎంత తగ్గుతుందో చూద్దామని నిశ్చయించాం.

మొదటి బ్యాటరీని నేను మోసుకెళ్ళి పెట్టాను. పనిముట్ల పెట్టెనూ నేనే మోశాను. బండి కిక్కురుమనలేదు. నేను వెనక మంచం అంచున కూర్చొని, రెండో బ్యాటరీతో వస్తున్న బావమరిదికి దారి చూపిస్తున్నాను. అతను 92 కిలోల మనిషి. నేను 78. అతను తలుపులో అడుగుపెట్టాడు, ఇరుసు దాటాడు, ఇంకో అడుగు వేశాడు, బ్యాటరీని నా చేతుల్లో పెట్టడానికి వంగాడు.

అప్పుడు కిటికీలో కనిపిస్తున్న గుమస్తా గది మెల్లగా పైకి వెళ్ళడం మొదలుపెట్టింది.

మొదట గది లేస్తోందనే అనుకొన్నాను. ఆ తరువాత ముందు కిటికీలో ఆకాశం కనిపించింది. అంతవరకు అక్కడ మా కారు ఉండేది. బండి తోక పళ్ళెం మీద ధబేలుమని కూర్చుంది, ముక్కు రెండడుగులు గాలిలోకి లేచింది, బ్యాటరీ నా ఒళ్ళోకి, బావమరిది బ్యాటరీ మీదికి వచ్చారు. వంటగట్టు కింది సొరుగులన్నీ ఒకదాని తరువాత ఒకటి తెరుచుకొని, మా ఆవిడ పొందికగా సర్దిన గిన్నెలూ గరిటెలూ దుప్పట్లూ వరుస కట్టి మా వైపు జారివచ్చాయి. వచ్చిన ప్రతి వస్తువూ తోకకు బరువే. చివరగా ఒక చెంచా తీరిగ్గా దొర్లుతూ వచ్చి నా పాదానికి తగిలి ఆగింది.

వెనక మూలల కింద దించే కాళ్ళు నాలుగు మరలు తిప్పితే దిగేవి. బండిని విప్పాక లోపలికి ఎక్కే ముందు వాటిని దించాలని కారవాన్ ఉన్నవాళ్ళందరికీ తెలుసు, లేని మా బావమరిదికి మరీ తెలుసు. "కాళ్ళు దించలేదా బావగారూ?" అని అతను నా చెవిలోనే అడిగాడు, ఎందుకంటే అతని నోరు అక్కడే ఉంది.

పరిస్థితిని నిదానంగా వివరించవలసి ఉంది. ఏతం తొక్కే మనిషి దూలం మీద ముందుకు నాలుగడుగులు వేస్తే బాన బావిలోకి దిగుతుంది, వెనక్కి వేస్తే పైకి లేస్తుంది. మాదీ అదే యంత్రం. ఇద్దరిలో ఎవరు ముందుకు నడిచినా ముక్కు ఒక్కసారిగా దిగి, ఆ భారమంతా సన్నటి గొట్టం చివరనున్న జాకీ చక్రం మీద పడుతుంది. ఎంత దూరం నడిస్తే దిగుతుందో తెలియదు, ఎందుకంటే మాతో పాటు వెనక్కి వచ్చిన గిన్నెల బరువు ఎవరూ తూచలేదు. ఏతం తొక్కేవాడికి కనీసం నీళ్ళైనా వస్తాయి. మా నీళ్ళు అప్పటికే కాటా గుంటలో ఉన్నాయి.

ఇంతలో మైకు పలికింది. "కారవాన్ వాళ్ళూ, బరువు పెరిగింది. 1680 చూపిస్తోంది. చీటీ కొట్టమంటారా?"

మా ఇద్దరి బరువు కలిపితే 170. 1500కు 170 కలిపితే 1670. ఆ పై పది కిలోలు కాటా వేసుకొన్న మెట్టు అని నాకు తెలుసు, బావమరిదికీ తెలుసు. అయినా ఆ పది ఎవరివన్న విషయం మీద మా ఇద్దరి మధ్య కొంత సంభాషణ జరిగింది. 92 అనేది అతను ఎప్పుడు చూసుకొన్న బరువని అడిగాను. కారవాన్ పలకలాగా అతనూ చాలా పాత అంకె చెబుతున్నాడని నా అనుమానం. అతను మాట మార్చి ఫ్రిజ్ గురించి మొదలుపెట్టాడు. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్‌లో మోటారు ఉండదనీ, అమ్మోనియా నీళ్ళలో కలిసి తనంతట తానే కిందికి జారుతూ తిరగాలనీ, ఇంత వాలులో పెడితే ఆ తిరుగుడు ఆగిపోయి చల్లదనం రాదనీ వివరించాడు. అతను చెప్పినది నిజమే. 28 కిలోల సీసం తొడ మీద పెట్టుకొని వినవలసిన నిజం మాత్రం కాదు.

"ఏమండీ, ఒకరు దిగాలా, ఇద్దరూ దిగాలా?" అని మా ఆవిడ బయటి నుంచి అడిగింది. వెనక కాళ్ళు దించమన్నాను. తోక నేలకు ఆనుకొని ఉంది, దించడానికి జానెడు జాగా కూడా లేదని ఆమె చూసి చెప్పింది. అయినా ఆ కాళ్ళు ఊగకుండా ఆపడానికే గానీ బండిని ఎత్తడానికి పనికిరావని బావమరిది నా భుజం మీది నుంచి చేర్చాడు.

చివరకు లారీ డ్రైవర్లే వచ్చారు. నలుగురు ముక్కు ఇనుపచట్రాన్ని పట్టుకొని వేలాడారు. వాళ్ళలో పెద్దాయన లోపలికి తొంగి చూసి, మమ్మల్నీ మా మధ్యనున్న బ్యాటరీనీ కాసేపు పరిశీలించి, ఏమీ అనలేదు. ఆయన ఏదైనా అని ఉంటే బాగుండేది. "మెల్లగా, ఒక్కొక్కరే, చిన్న చిన్న అడుగులు" అని మా ఆవిడ లెక్కపెట్టింది. ముందు బావమరిది కదలాలని ఒప్పందం. అతను రెండడుగులు సవ్యంగానే వేశాడు, మూడో అడుగు చెంచా మీద వేశాడు.

జాకీ చక్రం గొట్టం వంగింది. గుమస్తా మాకు మూడు చీటీలు ఇచ్చాడు. 1680 చూపించిన దానికి కూడా రుసుము తీసుకొన్నాడు, తూకం తూకమే అట. నిన్న సాయంత్రం కొత్త జాకీ చక్రం కోసం దుకాణానికి ఫోను చేశాను. ఇదివరకటిలాంటిది వద్దు, మందపాటి గొట్టంది తీసుకోమన్నాడు. దాని బరువెంత అని అడిగాను.

"ఎంతండీ," అన్నాడు.

ఫోను పెట్టేశాను.