ప్రింట్ ఇచ్చాను, రాలేదు

వాన, మిర్చి ధర, మేనేజరు మూడ్. ఈ మూడూ మనిషి చేతిలో లేవని మా గుంటూరులో ఎవరిని అడిగినా చెబుతారు. ఈమధ్య నాలుగోది వచ్చి చేరింది. ప్రింటు.

"ప్రింట్ ఇచ్చాను, రాలేదు." ఈ మాట వినపడని ఆఫీసు ఆంధ్రదేశంలో ఎక్కడైనా ఉందంటే, అక్కడ ఇంకా తాటాకుల మీదే రాస్తున్నారని అర్థం. మాట చిన్నదే కానీ కూర్పు చూడండి. నేను ఇచ్చాను, అది రాలేదు. ఇచ్చినవాడు దాత, రానిది పాపిష్టిది. అయినా నాకు ఒళ్లు మండేది ఈ మాటకు కాదు. దీని వెనకాలే, ఏమాత్రం సిగ్గు లేకుండా వచ్చే రెండో మాటకు: "అందుకే ఇంకోసారి కొట్టాను."

నేను ఊరి శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తుంటాను. పేరెందుకు లెండి, జీతం ఇచ్చే చెయ్యి. మా ఆఫీసులో ఏసీ భోగం ఉన్నవాళ్లు ఇద్దరే. ఒకరు మేనేజరుగారు, రెండు సర్వరు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ పని చేస్తారన్నది ఇక్కడ అప్రస్తుతం. గేటు దగ్గరి కంప్యూటరు, కాటా దగ్గరిది, క్యాషియరుది, నాది, మేనేజరుగారిది, ఏది ప్రింటు ఇచ్చినా ముందు ఆ సర్వరుకు వెళ్తుంది. అక్కడ స్పూలరు అనే ఒక ప్రాణి కూర్చుని ఉంటుంది. అది దయతలిస్తే హాల్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద ప్రింటరులోంచి కాగితం బయటికి వస్తుంది.

స్పూల్ అంటే ఇంగ్లీషులో దారం చుట్టే కండె. పక్కనున్న మంగళగిరిలో మగ్గం దగ్గర కూర్చున్నవాళ్లను అడిగితే కండె చిక్కుపడితే ఏం చెయ్యాలో చెబుతారు. ముందు చెయ్యి ఆపుతారు. చిక్కు పడింది కదా అని ఇంకో నాలుగు కండెలు తెచ్చి దాని మీద చుట్టరు. ఈ పాటి తెలివి మా ఆఫీసులో డిగ్రీలున్న ఏ ఒక్కరికీ లేదు. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే స్పూలరు మా హమాలీ మేస్త్రీ లాంటిది. నలుగురు రైతులు ఒకేసారి లారీలు తెచ్చి నిలబెడితే మేస్త్రీ అందరి టిక్కీలూ, అంటే మిర్చి బస్తాలూ, దింపించుకుని, వరస కట్టి, ఒక్కోటీ లోపలికి పంపుతాడు. లారీ వాళ్లు వెళ్లిపోవచ్చు. తలుపులో ఒక టిక్కీ అడ్డంగా పడిందనుకోండి, వెనకున్నవన్నీ ఆగుతాయి. అప్పుడు మీరేం చేస్తారు? మా మేనేజరుగారైతే అదే సరుకుతో ఇంకో నాలుగు లారీలు పంపిస్తారు.

పంపించారు కూడా. మిర్చి యార్డుకు వేసవి సెలవులు దగ్గరపడి సరుకంతా కోల్డ్ స్టోరేజీల మీద పడే రోజులు. పొద్దున పదిన్నరకు కరెంటు ఒక్కసారి పోయి వచ్చింది. సర్వరుకు యూపీఎస్ ఉంది, దానికేం కాలేదు. ప్రింటరు, రౌటరు ఆరి వెలిగాయి. ఆ తర్వాత మేనేజరుగారు బ్యాంకు వాళ్లకు ఇవ్వాల్సిన ఫైలు ఒకటి ప్రింటు కొట్టారు. 64 పేజీలు, అన్నీ స్కాన్ చేసినవి, ప్రతి పేజీ మీదా కంపెనీ ముద్ర. రాలేదు. ఇంకోసారి కొట్టారు. మొత్తం ఐదుసార్లు. ఐదోసారి గట్టిగా కొట్టారని, చప్పుడు హాల్లోకి వినిపించిందని క్యాషియరు సాక్ష్యం.

తర్వాత ఆయనకే అనుమానం వచ్చి మొదటిదాన్ని డిలీట్ చేశారు. తెర మీద "డిలీటింగ్ - ప్రింటింగ్" అని పడింది. గంట తర్వాత చూసినా అదే. పోతున్నాను, ఇస్తున్నాను. మా ఊళ్లో పదవి పోయిన నాయకులు కొందరు ఇలాగే ఉంటారు.

ఇక నిపుణులు రంగంలోకి దిగారు. క్యాషియరు ట్రే బయటికి లాగి, కాగితాలను పేకముక్కల్లా చరిచి, నోటితో ఊది లోపల పెట్టాడు. కాటా కుర్రాడు కేబుల్ ఊడదీసి, చొక్కాకు తుడిచి, మళ్లీ పెట్టాడు. గేటు దగ్గరి గుమాస్తా కొన్న కొత్తలో ఈ ప్రింటరు ఎంత బాగుండేదో చెబుతూ మధ్యలో టీ తెప్పించాడు. వాచ్‌మన్ మాత్రం దూరం నుంచే చూసి, "దిష్టి సార్" అన్నాడు. మేనేజరుగారు దాన్ని ఖండించలేదు. నిమ్మకాయ కోసం మనిషిని పంపారు, మిరపకాయలకు మా దగ్గర కొదవేముంది. తేజ రకం, ఏరి ఏడు కాయలు. మధ్యాహ్నానికి ప్రింటరుకు దండ పడింది. ఆ ఘాటుకు టోనర్ మార్చడానికి వంగినవాడల్లా తుమ్ముతున్నాడు.

అప్పుడు వచ్చింది ఆ మహావాక్యం. "అన్నీ రీస్టార్ట్ చెయ్యండి."

చేశాం. ఐదు కంప్యూటర్లు, ప్రింటరు, చివరికి భయం భయంగా సర్వరు కూడా. ఒక్క రౌటరును ఎవరూ ముట్టుకోలేదు, దాన్ని ఆర్పితే అందరి ఫోన్లలో వైఫై పోతుంది కదా. సర్వరు లేచాక ఆ డిలీటింగ్ మహాశయుడు ఒక్కడూ పోయాడు. మిగతా నలుగురూ చెక్కుచెదరకుండా లేచి కూర్చున్నారు. ఎందుకు కూర్చోరు? మనం ఇచ్చిన ప్రింటు గాలిలో ఉండదు. సర్వరు సి డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డరులో రెండేసి ఫైళ్లుగా కూర్చుంటుంది. ఎస్‌పీఎల్ అనేదాంట్లో సరుకు, ఎస్‌హెచ్‌డీ అనేదాంట్లో చీటీ, అంటే ఎవరు పంపారు, ఏ ప్రింటరుకు అని. కరెంటు తీసినా డిస్కు మీద ఫైళ్లు ఎక్కడికీ పోవు. సర్వీసుల జాబితాలోకి వెళ్లి ప్రింట్ స్పూలరును ఆపి, ఆ ఫోల్డరు ఖాళీ చేసి, మళ్లీ నడిపిస్తే వరస మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. రెండు నిమిషాల పని. దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అది మేనేజరుగారి పాత డైరీలో ఉందట. డైరీ వాళ్లింట్లో అటక మీద ఉందట.

స్పూలరును చిన్నచూపు చూస్తున్నానని అనుకోకండి, దాని చరిత్ర పెద్దది. ఇరాన్‌లో యురేనియం శుద్ధి యంత్రాలను పాడు చేసి 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే కంప్యూటరు పురుగు ఒక కంప్యూటరులోంచి ఇంకోదాంట్లోకి పాకడానికి వాడుకున్న లొసుగుల్లో ఒకటి ఈ స్పూలరుదే. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అని ఇంకోటి బయటపడితే మైక్రోసాఫ్ట్ వాళ్లు నెలనెలా మరమ్మతులు పంపే తేదీ దాకా ఆగకుండా జూలైలో హడావిడిగా మందు పంపారు, ఏడాదిన్నర కిందటే చేతులు దులుపుకున్న విండోస్ 7కు కూడా. ఆగస్టు నుంచి సర్వరులోంచి ప్రింటరును నడిపే డ్రైవరు అనే ప్రోగ్రాము దింపుకోవాలన్నా అడ్మిన్ అనుమతి కావాలన్నారు. మంచిదే. దొంగ రాకుండా తలుపుకు తాళం వేశారు. మా ఇంట్లో తాళంచెవి అటక మీద ఉండటం వాళ్ల తప్పు కాదు.

సర్వరు పెట్టిన కుర్రాడికి ఫోన్ చేస్తే, విజయవాడ నుంచి బయల్దేరాను, వారధి దాటాను అన్నాడు. గంటన్నర తర్వాత కాజ టోల్ గేట్ దగ్గరున్నాను అన్నాడు. సాయంత్రం ఐదింటికి కూడా కాజ టోల్ గేట్ దగ్గరే ఉన్నాడు. అక్కడ ఇల్లేమైనా కట్టుకుంటున్నాడేమో. చివరికి "రేపు పొద్దున్నే వస్తా సార్" అన్నాడు.

ఇంత నవ్వూ మధ్యాహ్నం పన్నెండింటికే ఆగిపోవాల్సింది. ఎందుకంటే పన్నెండింటికి క్రోసూరు వైపు నుంచి ఒక పెద్దాయన 84 టిక్కీలతో వచ్చాడు. కాటా అయింది. హమాలీలు సరుకు లోపలికి చేర్చారు. ఆయన పేరు, టిక్కీల లెక్క, తూకం, రసీదు నంబరు, అన్నీ నా తెర మీద ఉన్నాయి. ఆ రసీదు చూపిస్తేనే బ్యాంకులో సరుకు మీద అప్పు పుడుతుంది. ఒక్క పేజీ. ప్రింటు కొట్టాను. అది వెళ్లి మేనేజరుగారి 64 పేజీల వెనక, నాలుగు 64ల వెనక నిలబడింది.

"సర్వర్ డౌన్ పెద్దాయనా, కాసేపు కూర్చోండి" అన్నాను.

సర్వరు డౌనేమీ కాలేదు. చల్లగా ఏసీలో ఉంది. డౌన్ అయింది ఆయనే, రేకుల షెడ్డు కింద అరుగు మీద, కండువా తల మీద వేసుకుని. ఒంటిగంటకు వచ్చి అడిగాడు. రెండింటికి వచ్చి అడిగాడు. మూడింటికి బ్యాంకు వేళ మించిపోతుందేమో బాబూ అన్నాడు. ప్రతిసారీ నేను అదే రెండు ముక్కలు చెప్పాను, ప్రతిసారీ ఆయన తలూపాడు. ఎందుకు తలూపాలయ్యా? ఆ ప్రింటరు ఆయన కొన్నాడా? ఆ పాస్‌వర్డ్ ఆయన అటక ఎక్కించాడా? సర్వర్ డౌన్ అంటే తుఫానులాగా, వడగళ్లలాగా ఎవరూ ఏం చెయ్యలేనిదని ఈ రైతులకు నేర్పింది మనమే. నా బల్ల రెండో సొరుగులో పాత కార్బన్ పుస్తకం ఉంది. జేబులో పెన్నుంది. మూడు నిమిషాల్లో చేత్తో రసీదు రాసి సంతకం పెట్టొచ్చు, కంప్యూటర్లు రాకముందు మేం చేసింది అదే. అడిగాను కూడా. "చేత్తో రాస్తే ఆడిటులో ఇబ్బందవుతుంది" అన్నారు మేనేజరుగారు, నిమ్మకాయ సరిగ్గా మధ్యలో వేలాడుతోందా అని చూసుకుంటూ. ఆడిటు! మనిషిని గంటల తరబడి ఎండ వేడిలో కూర్చోబెట్టి, తిన్నావా అని ఒక్కడు అడక్కుండా, మంచినీళ్ల క్యాను కూడా ఏసీ గదిలోనే పెట్టుకున్న ఆఫీసులో దేన్ని ఆడిటు చేస్తారు? నేనూ మెదలకుండా కూర్చున్నాను. ఉద్యోగం. ఐదింటికి ఆయన "సరే, రేపొస్తా" అని బస్సుకు వెళ్లాడు.

రాత్రి రెండింటికి కరెంటు మళ్లీ పోయి వచ్చింది.

వాచ్‌మన్ చెప్పిన ప్రకారం హాల్లో దయ్యం తిరిగిన చప్పుడైంది. కర్ర పట్టుకుని తలుపు తీస్తే ప్రింటరు వెలుగుతోంది, కాగితాలు పైనున్న పళ్లెం నిండి నేల మీదికి జారుతున్నాయి, ఏడు మిరపకాయలూ ఊగుతున్నాయి. తలుపు వేసి బయట గొళ్లెం పెట్టాడు. ట్రేలో ఉన్న 250 కాగితాలూ అయ్యేదాకా అది ఆగలేదు. పొద్దున లెక్క చూశాను: మేనేజరుగారి ఫైలు మూడు ప్రతులు పూర్తిగా, నాలుగోది 58వ పేజీ దాకా. ఇంకో ఆరు పేజీల తర్వాత పెద్దాయన రసీదు ఉంది. కాగితం అయిపోయింది.

కాజ టోల్ గేట్ కుర్రాడు పదకొండింటికి వచ్చి, రౌటరు ముందు కూర్చుని, అసలు సంగతి చెప్పాడు. నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ ఇంటి నంబరు లాంటి నంబరు ఒకటి ఉంటుంది, మా రౌటరు ఆరి వెలిగితే ముందు ఎవరు అడిగితే వాళ్లకు ముందు ఆ నంబరు ఇస్తుంది. నిన్న పొద్దున ప్రింటరు ఒళ్లు విరుచుకుని లేచేలోపు దాని నంబరును కాటా కుర్రాడి ఫోను పట్టుకుపోయింది. సర్వరుకు తెలిసింది పాత నంబరే. ఇల్లు మారినవాడి పాత గుమ్మం ముందు పోస్టుమాన్ నిలబడ్డట్టు, ఆ పగలంతా మా సర్వరు 64 పేజీల బ్యాంకు ఫైలును ఆ కుర్రాడి ఫోనులోకి తొయ్యాలని చూసింది. ప్రింటరుకు కాగితాలు తీసుకోవడానికి 9100 అనే తలుపు ఉంటుంది, ఫోనుకు లేదు. రాత్రి ఫోన్లు లేవు కాబట్టి ప్రింటరుకు దాని నంబరు దానికి దొరికింది. టోల్ గేట్ కుర్రాడు ఆ నంబరును ప్రింటరుకు శాశ్వతంగా రాసిచ్చి, పది నిమిషాల పనికి వెయ్యి రూపాయలు తీసుకుని వెళ్లాడు. మేనేజరుగారు అంతా శ్రద్ధగా విని, నిమ్మకాయ వల్లే ఆ రాత్రి పని చేసిందని తేల్చారు. కొత్త ప్రింటరుకు కొటేషన్ కూడా అడిగారు.

పెద్దాయన మాత్రం ఆ కుర్రాడికంటే ముందే, తొమ్మిదింటికే వచ్చాడు. నేను కొత్త కాగితాలు పెట్టాను. మిగిలిన ఆరు పేజీలు వచ్చాయి. తర్వాత ఆయన రసీదు వచ్చింది. తర్వాత ఇంకో రసీదు, అదే నంబరుతో. తర్వాత ఇంకోటి.

నిన్న ఆయన అడిగిన ప్రతిసారీ నేను కూడా కొట్టాను.

నాలుగోది కూడా బయటికి వచ్చేదాకా ఆయన ఓపిగ్గా చూసి, నాలుగూ కలిపి మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "ఉంచుకుంటా బాబూ, మళ్లీ సర్వర్ డౌన్ అయితే పనికొస్తాయి" అన్నాడు.