వయసు కాదు, సైకిళ్లు చూడాలి

విమానానికి ఏదైనా జరిగితే అందరూ మొదట అడిగేది, అది ఎన్నేళ్ల పాతది అని. ఎన్నిసార్లు ఎగిరి దిగింది అని అడిగేవాళ్లు తక్కువ. ముందు అడగాల్సింది అదేనని మా అభిప్రాయం.

ఒకసారి పైకి లేచి, ఒకసారి దిగితే ఒక ఫ్లైట్ సైకిల్. పైకి వెళ్లేకొద్దీ బయట గాలి పలచబడుతుంది. ప్రయాణికులు ఊపిరి పీల్చుకోవాలి కాబట్టి క్యాబిన్ లోపల గాలి ఒత్తిడి నిలిపి ఉంచుతారు. దాంతో విమానం పైరేకు కాస్త సాగుతుంది, దిగాక మళ్లీ సర్దుకుంటుంది. వేల సార్లు ఇలా అయ్యాక, రేకులను కలిపి బిగించే రివెట్ రంధ్రం అంచున వెంట్రుకంత పగులు పుడుతుంది. పద్నాలుగు గంటలు ఆగకుండా ఎగిరినా లెక్క ఒక్కటే సైకిల్. రోజంతా దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే విమానానికి ఏడెనిమిది పడతాయి.

1988 ఏప్రిల్ 28న హవాయిలో హైలో నుంచి హొనొలులు వెళ్తున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు 24,000 అడుగుల ఎత్తులో సుమారు 18 అడుగుల మేర ఊడిపోయింది. ఒక ఫ్లైట్ అటెండెంట్ ప్రాణాలు కోల్పోయారు. ఆ మోడల్‌కు డిజైన్‌లో అనుకున్న ఆయుష్షు 20 ఏళ్లు, 51,000 గంటలు, 75,000 సైకిళ్లు. ఆ విమానం వయసు 19 ఏళ్లు, ఎగిరింది 35,496 గంటలు. రెండూ హద్దులోనే ఉన్నాయి. సైకిళ్లు మాత్రం 89,680! అంటే సగటున 24 నిమిషాలకొకటి. తప్పంతా సైకిళ్లదే అనడం లేదు. రేకుల అతుకుల్లో జిగురు ఊడింది, తుప్పు పట్టింది, భారమంతా రివెట్ల మీద పడింది. తనిఖీల్లో అది దొరకలేదు. ఎక్కేటప్పుడే తలుపు దగ్గర పగులు చూసిన ప్రయాణికురాలు ఒకరున్నారు. ఎవరికీ చెప్పలేదు. ఆమెను తప్పుపట్టలేం, అది చూడాల్సిన పని ఆమెది కాదు.

ఇంజిన్‌లో బ్లేడ్లను పట్టుకుని తిరిగే డిస్కులకూ సైకిళ్లలోనే గడువు ఉంటుంది. కొత్తదానిలా మెరుస్తున్నా గడువు తీరితే తీసేయాల్సిందే. అందుకే భాగం ఏ ఇంజిన్‌లోకి మారినా, తయారైన రోజు నుంచి దాని సైకిళ్ల రికార్డు వెంట రావాలి. కాగితాలు లేని డిస్కును బిగించడానికి ఒప్పుకోకూడదు, విమానం ఎన్ని రోజులు ఆగిపోయినా సరే.

లెక్క పక్కాగా ఉన్నంత మాత్రాన పగులు దొరకదు. ఇన్ని సైకిళ్లకోసారి చూడాలని నిర్వహణ పుస్తకంలో ఉంటుంది. చూసేది మనిషి. అర్ధరాత్రి దాటాక హ్యాంగర్‌లో నిచ్చెన మీద నిలబడి, ఒక్కో రివెట్ చుట్టూ పరికరం తిప్పుతూ, మీటర్‌లో ముల్లు కదులుతుందేమోనని చూస్తూ వందల రివెట్లు దాటాలి. తెల్లవారితే విమానం గేటు దగ్గర ఉండాలన్న టెన్షన్ ఒకటి. ఆ ఒత్తిడి ఆయన మీద పెట్టకూడదు. విమాన సంస్థలు టైమ్‌టేబుల్ వేసేటప్పుడే ఈ తనిఖీకి కావాల్సిన గంటలు తీసి పక్కన పెట్టాలి. నియంత్రణ సంస్థలు సంతకాలు చూసి సరిపెట్టుకోకుండా, ఆ సంతకం చేసిన వ్యక్తి అంతకుముందు ఎన్ని గంటలు డ్యూటీలో ఉన్నారో కూడా అడగాలి.