బండి విస్తరణ పథకం

హైదరాబాద్‌లో ఒక రోడ్డు వెడల్పు చేయాలంటే ఎంత తతంగమో చూస్తూనే ఉన్నాం. ముందు టేపులు పట్టుకుని మనుషులొస్తారు. ప్రహరీగోడల మీద ఎర్ర రంగుతో మార్కింగులు వేస్తారు. ఆ రంగు వెలిసిపోయేలోపు కోర్టు స్టేలు, పోయిన స్థలానికి బదులుగా ఇచ్చే టీడీఆర్ సర్టిఫికెట్ల బేరాలు, మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన ఒక గుడి. ఇంతా చేసి రోడ్డు నాలుగడుగులు పెరిగితే అందులో మూడడుగులు మిర్చిబజ్జీల బండికి పోతుంది.

మా బావమరిది దీనికి విరుగుడు కనిపెట్టాడు. రోడ్డు జోలికి పోకుండా బండినే వెడల్పు చేశాడు. భూసేకరణ లేదు, నోటీసు లేదు, పరిహారం లేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక పూటలో అయిపోయింది. ప్రభుత్వం దీన్ని పైలట్ ప్రాజెక్టుగా పరిశీలించాలని మనవి చేస్తూ, ప్రజాప్రయోజనం దృష్ట్యా వివరాలు కింద ఇస్తున్నాను.

బండి మారుతి జిమ్నీ. 2023లో మార్కెట్లోకి రాగానే కొన్నాడు. "సన్నగా ఉంటుంది బావా, ఏ గల్లీలోనైనా దూరిపోతుంది" అన్నాడు. నిజమే, మొత్తం వెడల్పు 1,645 మిల్లీమీటర్లే. టైర్లు కూడా సన్నం, వెడల్పు 195 మిల్లీమీటర్లు. మూడు నెలలు సుఖంగా గడిచాయి. ఆ తర్వాత సిగ్నల్ దగ్గర పక్కన ఏ మహీంద్రా థార్ ఆగినా నిట్టూర్పులు మొదలయ్యాయి. "మనవి స్కూటీ టైర్లలా ఉన్నాయి బావా." పెళ్లిచూపుల్లో పిల్ల నాజూగ్గా ఉందని మెచ్చుకుని, కాపురానికొచ్చాక "ఏమన్నా తింటోందా అసలు" అని సాగదీసే అత్తగార్లను చూశాను కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు.

195 టైర్లు పోయి 235 వచ్చాయి. వాటికి పాత రిమ్ములు చాలవు కాబట్టి రిమ్ములూ కొత్తవే. ఆ పైన స్పేసర్లు. స్పేసర్ అంటే చక్రాన్ని బయటికి జరిపే గుండ్రటి అల్యూమినియం దిమ్మ. బొబ్బట్టంత వెడల్పు, అలాంటి బొబ్బట్లు ఓ అరడజను పేర్చినంత మందం. సరిగ్గా చెప్పాలంటే 30 మిల్లీమీటర్లు. దీన్ని మొదట, మామూలుగా చక్రం ఎక్కే హబ్బుకు ఐదు నట్లతో బిగిస్తారు. దిమ్మకు సొంతంగా ఇంకో ఐదు స్టడ్లుంటాయి, చక్రం వాటికి ఎక్కుతుంది. బండి మొత్తానికి ఇరవై నట్లుండే చోట ఇప్పుడు నలభై. అందులో సగం చక్రం వెనక దాక్కుంటాయి, వదులైనా కంటికి కనపడవు. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రాలు ఊడదీసి టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించుకోవాలి కదా అని మెకానిక్‌ను అడిగాను. పాన్ ఒక దవడ నుంచి రెండో దవడకు మార్చుకుని "కుచ్ నై హోతా సాబ్" అన్నాడు. ఈ నగరంలో చాలా కట్టడాలు ఈ సూత్రం మీదే నిలబడి ఉన్నాయి కాబట్టి నేనూ ఊరుకున్నాను.

ఊరుకోకుండా ఒక్క మాట మాత్రం అన్నాను. కొత్త రిమ్ములే కొంటున్నప్పుడు, చక్రం బయటికి వచ్చే ఆఫ్‌సెట్ ఉన్నవి కొంటే ఈ దిమ్మల అవసరమే ఉండదు కదరా అని. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

లెక్క తేల్చుకుందాం. టైరు పెరిగిన 40లో సగం బయటికి, స్పేసర్ 30. వెరసి పక్కకు 50, రెండు పక్కలా కలిపి 100 మిల్లీమీటర్లు. నాలుగంగుళాలు! ఇంత తక్కువ వ్యవధిలో ఇంత విస్తరణ నగర చరిత్రలో జరగలేదు. దీనికి చక్రం బరువు మోసే వీల్ బేరింగ్ అభిప్రాయం ఎవరూ అడగలేదు. బిందెను చంకలో పెట్టుకుని నడవడానికీ, అదే బిందెను చెయ్యి చాచి పట్టుకుని నడవడానికీ ఎంత తేడా ఉంటుందో, బేరింగ్‌కు ఇప్పుడు అంత తేడా. పైకి చెప్పుకోలేక అరవై దాటితే "ఊఁ" అని మూలుగుతోంది. బావమరిది పాట సౌండు పెంచుతున్నాడు.

అసలు పరీక్ష యూ టర్న్ దగ్గర. మన నగరంలో జంక్షన్లు మూసి యూ టర్న్‌లు పెట్టారు కదా. ఎదురుగా కనపడే కూరగాయల కొట్టుకు వెళ్లాలన్నా ముందు అర కిలోమీటరు వ్యతిరేక దిశలో తపస్సు చేయాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే కొత్త టైరు లోపలి ప్లాస్టిక్ లైనర్‌ను ఒరుసుకుంటుంది. గర్ర్ర్ర్‌మని, పిండి లేకుండా గ్రైండర్ తిరిగినట్టు. పూర్తిగా తిప్పకపోతే బండి తిరగదు, వెనక్కి తీసి ముందుకు తీసి మూడు విడతల్లో తిప్పాలి. ఈలోగా వెనక ఆటోలవాళ్లు మా వంశవృక్షాన్ని తవ్వి తీస్తారు. గల్లీలో దూరడానికి కొన్న బండి ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద మళ్లడం లేదు.

వానొస్తే ఇంకో సౌకర్యం. టైరు బాడీ దాటి బయటికి వచ్చింది కాబట్టి బురద అడ్డం లేకుండా డోర్ల మీదికి, అద్దాల మీదికి, పక్క బైకు మీదున్నవాడి మొహం మీదికి సమానంగా పంపిణీ అవుతుంది. మొన్న మా ఆవిడ దిగుతూ చీర కుచ్చిళ్లతో ఒక టైరు మొత్తం తుడిచింది. "అక్కా, ఆఫ్‌రోడ్ లుక్ వచ్చింది చూడు" అన్నాడు వాడు. ఆవిడ అన్నది ఇక్కడ రాయను.

నీతిపరంగా కూడా బండి మెరుగుపడింది. టైరు ఎత్తు 693 మిల్లీమీటర్ల నుంచి 733కు చేరింది. చక్రం ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతోందన్న సంగతి స్పీడోమీటరుకు తెలియదు. లెక్క ప్రకారం అది వంద చూపిస్తుంటే అసలు వేగం 106. పదివేల కిలోమీటర్లు తిరిగితే సుమారు 9,450 అంటుంది. తన గొప్ప తక్కువ చెప్పుకుని, వయసు దాచుకునే బండి ఇంకెక్కడుంది?

చట్టం మాత్రం ఈ వినయాన్ని గుర్తించదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, బండిని ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. ఆ ఏడాది సవరణలో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. నాలుగు స్పేసర్లు ఒక మార్పా, నాలుగు మార్పులా అని వాడు నన్నే అడుగుతున్నాడు. మార్పు కాదు విస్తరణ అని వాదించమన్నాను.

ఆఫ్‌రోడ్‌కు వెళ్లలేదని ఎవరూ అనకూడదు. ఒకసారి వెళ్లాం. అనంతగిరి, మూసీ పుట్టిన కొండలు. దారిలో ఫొటో కోసం పొలంబాటలోకి దింపాడు. టైర్ల గళ్లన్నీ బురదతో పూడి నున్నగా తయారయ్యాయి. వెడల్పు టైరు కిందికి దిగి పట్టు వెతుక్కోకుండా పైపైనే జారుతోంది. పక్క మడిలో దమ్ము చేస్తున్న రైతు జాలిపడ్డాడు. ట్రాక్టర్ ఆపి, మొదట వెనక చక్రాలకున్న, బురదలో పట్టునిచ్చే ఇనుప కేజ్ వీల్స్ విప్పి గట్టు మీద పెట్టి, అప్పుడొచ్చి తాడు కట్టి తారురోడ్డు దాకా లాగాడు. అవెందుకు విప్పావని అడిగాను.

"గవి పొలంలకే సారూ. రోడ్డెక్కితే రోడ్డు కరాబైతది, జుర్మానా ఏస్తరు" అన్నాడు. మా టైర్ల వంక కాసేపు చూసి, "మీయి ఇప్పరా?" అని అడిగాడు.

ప్రస్తుతం సమస్య ఒక్కటే మిగిలింది. మా అపార్ట్‌మెంట్ స్టిల్ట్‌లో వాడి పార్కింగ్‌కు ఒకవైపు పిల్లర్, ఇంకోవైపు 302 వారి యాక్టివా. పెరిగిన నాలుగంగుళాలు యాక్టివా మీదికి పోతే గొడవ, పిల్లర్ వైపు పోతే డోరు తెరుచుకోదు. వారం రోజులుగా వెనక డోరు లోంచి, సీట్ల మీదుగా పాకి దిగుతున్నాడు. నిన్న పొద్దున పాలప్యాకెట్ కోసం కిందికి వెళ్లేసరికి వాచ్‌మన్ ఎర్ర రంగు డబ్బాతో నిలబడి ఉన్నాడు. బావమరిది పిల్లర్ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"బావా, టైముకొచ్చావు. ఈ టేపు ఆ చివర పట్టుకో."