బండి రేటు తగ్గింది సరే, సామాన్ల రేటు తగ్గిందా?

"ఇన్నోవా రేటుకే బెంజి వస్తా ఉంటే ఇంకా ఏందన్నా ఆలోచన?"

రొయ్యల రేటు కాస్త లేచిందంటే చాలు, మా నెల్లూరు జిల్లా అల్లూరు, విడవలూరు వైపు ఈ మాట మొదలవుద్ది. చీమకుర్తి క్వారీల కాడా ఇదే పాట. ఢిల్లీ నుంచో బెంగళూరు నుంచో అయిదారేళ్ల పాత లగ్జరీ బండి, ముప్పై లక్షల లోపు. తమ్ముళ్లూ, అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక్కసారి ఇది చదవండి.

ఆ బండ్లు దండగ అని నేను అనను. ఇన్నోవా క్రిస్టా 2.4 లీటర్ల డీజిల్ ఇంజిన్ 150 హార్స్‌పవర్, 343 న్యూటన్ మీటర్ల టార్క్ (బండిని లాగే బలం) ఇస్తే, బెంజి ఈ 220డి రెండు లీటర్లు నిండని ఇంజిన్‌తోనే 194 హార్స్‌పవర్, 400 టార్క్ తీస్తుంది. అయినా నన్ను ఆకట్టుకున్నది అది కాదు. రాత్రిపూట కావలి దాటాక లైట్ల్లేని ట్రాక్టర్ రాంగ్ రూట్లో ఎదురొచ్చిందనుకోండి. బ్రేక్ మీద కాలేస్తే బండి పక్కకు లాగదు, స్టీరింగ్ వణకదు, ఉన్న గీతలోనే ఆగుతుంది. డబ్బు పెట్టాలంటే నేను దానికే పెడతా. సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లన్నది నాకెందుకు? మన నాలుగు లైన్ల హైవే మీద కారుకు పరిమితే వంద.

నా బాధంతా కొన్న తర్వాత సంగతి గురించి. కొత్తలో కోటి పలికిన బండి మీకు పాతిక లక్షలకు దొరికిందంటే తగ్గింది బండి రేటు ఒక్కటే. దాని బ్రేక్ డిస్కులు, ఇంజెక్టర్లు, హెడ్‌లైట్లు ఇప్పటికీ కోటి రూపాయల బండి సామాన్లే. ఈ ముక్క అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు.

మా బాబాయి కొడుకు అట్టాంటిదే ఒకటి తెచ్చాడు. కంపెనీ పేరు వద్దులెండి. కొన్నాళ్లు బ్రహ్మాండంగా తిరిగింది. ఒకరోజు తెల్లారి చూస్తే ముందు ఎడమవైపు కుంగిపోయి, మడ్‌గార్డు అంచు టైరు మీదకొచ్చి కూర్చుంది. స్టార్ట్ చేస్తే కింద కంప్రెసర్ గుర్రుమంటానే ఉంది, బండి మాత్రం లేవలేదు. ఎయిర్ సస్పెన్షన్ అంటే ఉక్కు స్ప్రింగు బదులు గాలి నింపిన రబ్బరు బెల్లో. ఎండకి, దుమ్ముకి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు పగిలి గాలి సన్నగా కారుతుంది. కారిన గాలి నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది. ఒక్క బెల్లోతో పోయేది రెండు పెద్ద ఖర్చులైంది. నెల్లూరులో మావాడికి చేసేవాళ్లెవరూ దొరక్క ఫ్లాట్‌బెడ్ మీద చెన్నై తోలాడు. బిల్లు లక్షల్లో వచ్చింది.

ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు. అరిగిపోయిన సామాన్లకు ఇన్సూరెన్స్ ఇయ్యరు. యాక్సిడెంటైనా మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీలకు సగం కోత పడుద్ది, బండి వయసుతో పనిలేదు. కోత లేని జీరో డిప్ పాలసీ పాత బండికి దొరకడమే కష్టం. వానాకాలం మాగుంట లేఔట్ అండర్‌బ్రిడ్జి సంగతి నెల్లూరోళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నీళ్లలో ఆగిన ఇంజిన్‌ని మళ్లీ స్టార్ట్ చేస్తే లోపలికి పోయిన నీళ్లకు కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా కట్టకపోతే ఆ ఖర్చంతా మీదే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోవడం చూసినోళ్లం, మన ఊళ్లో నీళ్లు రావులే అని ఎట్టా అనుకుంటాం?

ఢిల్లీ బండ్లు ఎందుకంత చవకో కూడా తెలుసుకోండి. పదేళ్లు దాటిన డీజిల్ బండి అక్కడ తిరగకూడదని 2015లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పట్నుంచి వయసు మీదపడ్డ డీజిల్ బండ్లు బయట రాష్ట్రాలకు తోసేస్తా వచ్చారు. అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదనే ఎన్ఓసీ కాగితం తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాక ఆ చవక ఏపాటి మిగులుద్దో మీరే లెక్కేసుకోండి.

నాకు ఒళ్లు మండేది ఇంకోటుంది. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని అమ్మేవాళ్లు చెప్తారు. బీఎండబ్ల్యూలకు గేర్‌బాక్సులిచ్చే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటోంది. మొదటి ఓనరు లక్ష తిరక్కముందే అమ్మేసుకుంటాడు. ఆ "జీవితాంతం" అయిపోయేది మన చేతుల్లో.

కొనొద్దనడం లేదు. చెన్నైలో పార్ట్స్ కౌంటర్‌కి ఫోన్ కొట్టి బెల్లో, కంప్రెసర్, నాలుగు డిస్కులు, నాలుగు టైర్లు రేట్లు రాసుకోండి. డిక్కీ తీసి స్టెప్నీ ఉందో లేదో చూడండి. రన్‌ఫ్లాట్ టైర్లయితే చాలా బండ్లకు ఉండదు, పంచరైతే దాదాపు 80 కిలోమీటర్లు మెల్లగా పోవచ్చు, అంతే. కంపెనీ సర్వీస్ రికార్డు చాసిస్ నంబరుతో తీయించండి. బండి కొన్నాక దాని ధరలో అయిదోవంతైనా రిపేర్లకు చేతిలో మిగలకపోతే ఆ బండి వదిలేసి, మన ఊళ్లో సామాను దొరికే బండి కొత్తది తీసుకోండి.

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల ఇట్టాంటి బండ్లకు లోపం ఎక్కడుందో చూపే సరైన స్కానర్ పెట్టుకుని, పాత సామాను విప్పి చేతిలో పెట్టి చూపించే షెడ్డు మీకు తెలిస్తే కింద రాయండి. మావాడి బండికి ఇప్పుడు వెనక బెల్లోలు కూడా కారుతున్నాయి.